షాడో నవలలు – మన హాస్టల్ పాఠకులు : ఒక పరిశీలన

మన హాస్టల్ లైబ్రరీకి పూర్వ విద్యార్థులందరం కలిసి పుస్తకాలు కొనిద్దామని అనుకున్న సంగతి అందరికీ తెలిసిందే. ఎవరికి తోచిన జాబితా వారు పంపారు. గ్రూప్స్ పుస్తకాలు, నిఘంటువులు, అట్లాసులు, జాషువా, శ్రీశ్రీ – వీటి మీద ఎవరికీ పేచీ లేదు. ఒక జాబితాలో మాత్రం చిట్టచివర "మధుబాబు షాడో నవలలు, దొరికినన్ని" అని ఉంది. గొడవ అక్కడ మొదలైంది. చెత్త పుస్తకాలు కొనడానికి నేను చందా ఇవ్వలేదని ఒకరు, ఆ చెత్తే లేకపోతే నాకు చదవడం అబ్బేది కాదని ఇంకొకరు, పెద్దవాళ్ళే చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు. ఇరుపక్షాల మాటలూ విని, మంచిచెడ్డలు చూసి ఒక వ్యాసం రాయమని కమిటీ తమ్ముళ్ళు నాకు అప్పజెప్పారు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను. అభిప్రాయాలు చెప్పినవారి పేర్లు వేయడం లేదు. అందరూ మనవాళ్ళే.

ఇప్పటి తమ్ముళ్ళలో చాలామందికి షాడో ఎవరో తెలియకపోవచ్చు. మధుబాబు అనే రచయిత 1970ల నుంచి రాస్తూ వచ్చిన యాక్షన్ నవలల కథానాయకుడు. సి.ఐ.బి. అనే గూఢచారి సంస్థలో ఏజెంటు. ఆ సంస్థకి పెద్ద కులకర్ణి. శ్రీకర్, ముఖేష్, బిందు, గంగారాం వీరంతా షాడో బృందం. దేశానికి సంబంధించిన ఏదో రహస్యం శత్రువుల చేతిలో పడుతుంది. కులకర్ణి కబురు పెడతాడు. ఇక అక్కడి నుంచి విమానాలు, మంచుకొండలు, ఎడారులు, పేలుళ్ళు, తప్పించుకోవడాలు. జేబులో పట్టే సైజు, మెరిసే రంగుల అట్ట, అట్ట మీద తుపాకీ. ఇలాంటివి ఒకటి కాదు, పది కాదు, ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. ఊరూరా ఉన్న అద్దె పుస్తకాల కొట్లు వీటి మీదే నడిచాయంటే అతిశయోక్తి కాదు. డిపాజిట్ కట్టి, రోజుకి పావలానో అర్ధరూపాయో అద్దెకి తెచ్చుకునేవాళ్ళం. ఒకడు అద్దె కడితే తెల్లారేలోపు నలుగురు చదివేవారు. ఆ లెక్కన మనిషికి ఎంత పడిందో చూసుకోండి.

ఈ నవలలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తెలుగులో అపరాధ పరిశోధన నవలలకి వీటికంటే ముందే పెద్ద చరిత్ర ఉంది. మొదట్లో బెంగాలీ నుంచి అనువాదాలు వచ్చాయి. తర్వాత ఆరుద్ర అంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. "పలకల వెండిగ్లాసు" ఆయనదే. కొమ్మూరి సాంబశివరావు గారు డిటెక్టివ్ యుగంధర్‌ని, అతని అసిస్టెంట్ రాజుని సృష్టించి ఇంటింటికీ చేర్చారు. ఆయన్ని ఆంధ్రా ఎడ్గార్ వాలెస్ అనేవారు. యుగంధర్ ఆలోచించి నేరస్థుణ్ణి పట్టుకుంటాడు. షాడో అలా కాదు. ఇక్కడ నేరస్థుడెవరో మొదటి ఇరవై పేజీల్లోనే తెలిసిపోతుంది. అతని దగ్గరికి వెళ్ళడం ఎలా, ప్రాణాలతో తిరిగి రావడం ఎలా అన్నదే కథ.

ఈ మార్పుకి కాలమే కారణమని నా అభిప్రాయం. 1962లో చైనాతో, 1965లోనూ 1971లోనూ పాకిస్థాన్‌తో యుద్ధాలు జరిగాయి. జేమ్స్‌బాండ్ మొదటి నవల 1953లో వస్తే, మొదటి సినిమా 1962లో వచ్చింది. తెలుగులో కృష్ణ గారి "గూఢచారి 116" 1966లో వచ్చింది. యుద్ధమంటే మనకి ఎక్కడో ఉత్తరాదిన జరిగేది కూడా కాదు. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారితే 4 అనగా పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది మన విశాఖపట్నం తీరంలోనే. అది ఇప్పటికీ ఆ సముద్రం అడుగునే ఉంది. 2017లో దాని మీద సినిమా తీశారు. మనకి పక్కనే ఉన్న రాంబిల్లి తీరంలో నౌకాదళ స్థావరం పనులు చేపట్టారు. ఇలాంటి ప్రాంతంలో పెరిగే పిల్లలకి గూఢచారి కథ రుచించడంలో వింతేముంది?

మరో కారణం కూడా ఉంది. దీన్ని ఎవరూ గట్టిగా చెప్పలేదు గానీ నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. షాడో కథకి ప్యాంటూ చొక్కా ఇంగ్లీషువి కావచ్చు, ఒళ్ళు మాత్రం జానపదమే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదివినవారికి ఇది వెంటనే తెలిసిపోతుంది. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం – ఒక వీరుడు, అతని మిత్రబృందం, దాటవలసిన అడవి, దాటాక ఇంకో ఆపద, సరిగ్గా ఆపద ముంచుకొచ్చిన చోట "ఇంకా ఉంది". రాజుగారి స్థానంలో కులకర్ణిని, మాంత్రికుడి స్థానంలో పరాయిదేశపు శాస్త్రవేత్తని, గుర్రం స్థానంలో హెలికాప్టర్‌ని పెట్టండి. సరిపోతుంది. మధుబాబు జానపద నవలలు కూడా రాశారన్నది గుర్తుంచుకుంటే ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదని ఒప్పుకుంటారు. జానపద సినిమాల్లో రాజకుమారుడి పక్కన నవ్వించే స్నేహితుడొకడు ఉంటాడు కదా, గంగారాం అతనే. అడిగినవాళ్ళలో సగానికి పైగా, షాడో కంటే గంగారామే ఎక్కువ ఇష్టమన్నారు. చావు ఎదురుగా ఉన్నప్పుడు కూడా వాడి నోరు మూతపడదు. మన పక్క మనుషులు కూడా అంతే కదా.

ఎన్ని రాసినా ఒకే మూసలో ఉంటాయన్నది అందరూ చేసే విమర్శ. నిజమే. కానీ మూస అనే మాటని మనం ఏటికొప్పాకలో ఉండి తేలిగ్గా వాడకూడదు. అంకుడు కర్ర మరమీద పెట్టి తిప్పితే ఆకారం గుండ్రంగానే వస్తుంది. వెయ్యి బొమ్మలు చేసినా గుండ్రంగానే వస్తాయి. లక్క ఎలా పట్టించారు, ఏ రంగు పక్కన ఏ రంగు వచ్చింది అన్నదాన్ని బట్టి ఒక బొమ్మ చెయ్యి విడవదు, ఇంకొకటి సంతలో మిగిలిపోతుంది. వరుస నవలలు కూడా ఇంతే. పాఠకుడు కొత్త కథ కోసం రాడు, తెలిసిన మనుషులు కొత్త చిక్కులో పడితే చూడ్డానికి వస్తాడు. అందులో మంచివి, నాసిరకానివి రెండూ ఉన్నాయి. అభిమానులు ఈ రెండో మాట ఒప్పుకోరు. ఇంగ్లీషు నవలల నీడ వీటి మీద పడిందన్న విమర్శని కూడా వినడానికి ఇష్టపడరు.

సరే, ఇక మన పాఠకులు ఏమన్నారో చూద్దాం.

ఎక్కువమంది చెప్పింది చదివే వేగం గురించి. ఆరో తరగతిలో హాస్టల్‌కి వచ్చేనాటికి కూడబలుక్కుని చదివేవాణ్ణని, ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో షాడోలు చదివాక వాచకం తేలికైపోయిందని రైల్వేలో పనిచేస్తున్న ఒక మిత్రుడు అన్నాడు. ఒక ఉపాధ్యాయుడిగా ఈ మాటని నేను సమర్థిస్తాను. చదవడం అనేది సైకిల్ తొక్కడం లాంటిది. నెమ్మదిగా తొక్కితే పడిపోతారు. వాచకం ప్రతి వాక్యం దగ్గరా ఆపి అర్థం అడుగుతుంది. షాడో ఆపడు. వాక్యాలు చిన్నవి. పేజీలో సగం సంభాషణలు. అధ్యాయం చివర తలుపు తెరుచుకుంటుంది, ఎవరు వచ్చారో చెప్పకుండా ముగుస్తుంది. అలాంటప్పుడు పుస్తకం మూసి పడుకోగలిగినవాడు ఋషి అయినా అయి ఉండాలి, లైట్లు ఆర్పే వాచ్‌మన్‌కి భయపడినవాడైనా అయి ఉండాలి. ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేకుండా వచ్చిన పిల్లలకి నూట యాభై పేజీలు ఒక్క ఊపున చదివి పూర్తి చేశామన్న ధైర్యం చిన్న విషయం కాదు. ఆ ధైర్యమే తర్వాత డిగ్రీ పుస్తకం తెరిపించింది.

భూగోళం కూడా కొంత నేర్చుకున్నామన్నారు ఇద్దరు ముగ్గురు. ఒక దేశం పేరు రాగానే అట్లాసులో వెతికేవారట. రాజధానుల పేర్లు పోటీ పరీక్షల్లో పనికొచ్చాయన్నది ఒకాయన లెక్క. నాకు దీని మీద కాస్త అనుమానం ఉంది గానీ కాదనడం దేనికి.

బాలికల హాస్టల్లో చదివి ఇప్పుడు నర్సుగా ఉన్న ఒక అక్క మాట వేరు. బిందు కూడా మగవాళ్ళతో సమానంగా ఏజెంటు కావడం తనకి చాలా నచ్చేదన్నది. తుపాకీ పట్టుకున్న ఆడమనిషిని అంతకుముందు ఏ పుస్తకంలోనూ చూడలేదట. కానీ ఆ అట్టల మీద బొమ్మల వల్ల పుస్తకం బయటకి తీయాలంటే సిగ్గుగా ఉండేదని, లోపల కూడా ఆడవాళ్ళ గురించి వర్ణన వచ్చినప్పుడు రచయిత తనతో కాకుండా తన పక్కన కూర్చున్న మగపిల్లాడితో మాట్లాడుతున్నట్టు ఉండేదని అన్నది. ఇంతకంటే సరైన విమర్శ నేను ఏ సమీక్షకుడి దగ్గరా వినలేదు. అన్నదమ్ములెవరికీ ఈ సంగతి తోచలేదు, గమనించండి.

సైన్యంలో చేసి పెన్షన్ మీద వచ్చిన ఒక అన్నయ్య మాట కూడా చెప్పాలి. మిలటరీలో చేరాలన్న కోరిక తనకి షాడో వల్లే పుట్టిందట. చేరాక చూస్తే అందులో ఉన్నదేదీ ఇక్కడ లేదు. నవలలో ఒక్కడు పదిమందిని కొడతాడు. సైన్యంలో ఒక్కడినీ ఒంటరిగా ఎక్కడికీ పంపరు. పదిమంది సెక్షన్‌లో నీ పక్కవాడి మీద నీ ప్రాణం ఆధారపడి ఉంటుంది. పనిలో ఎక్కువ భాగం కాపలా, ఎదురుచూడ్డం, చలి, లీవు ఎప్పుడొస్తుందా అన్న లెక్క. సెలవులో ఇంటికి వస్తే రైల్లో నిలబడి రావడం. సి.ఐ.బి. లాగా అన్నీ చేసే సంస్థ కూడా మన దేశంలో లేదు. దేశం లోపలి సమాచారం ఇంటెలిజెన్స్ బ్యూరో చూస్తుంది, విదేశాల సంగతి 1968లో ఏర్పడిన "రా" చూస్తుంది. అక్కడి వారి పని కూడా చాలావరకు కాగితాలు చదవడమే. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం అని ఊరు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరుగా సైన్యానికి పంపిన ఊరు. ఆ ఊరి అమ్మలని అడిగితే యుద్ధకథ ఇంకోలా ఉంటుంది. ఇదంతా చెప్పి, ఇప్పటికీ షాడో దొరికితే చదువుతానన్నాడు ఆ అన్నయ్య. అబద్ధమని తెలిసి చదవడంలో సుఖం ఉందట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వ్యతిరేకించిన వారిలో గట్టిగా వాదించినది ఒక లెక్చరర్ మిత్రుడు. అతను అన్న దాని సారాంశం ఇది. ఈ నవలల్లో శత్రువు ఎప్పుడూ సరిహద్దు అవతలి నుంచే వస్తాడు. వాడికి ఒక దేశం, ఒక భాష, ఒక ముఖం. వాణ్ణి చంపితే దేశం బాగుపడుతుంది. మన పేట పిల్లల్ని మంచినీళ్ళ బావి దగ్గర అడ్డుకున్నవాడు ఏ దేశపు ఏజెంటు? 1985 జూలైలో కారంచేడు జరిగింది. 1991 ఆగస్టులో చుండూరు జరిగింది. ఆ ఏళ్ళలో మనం దుప్పటి కప్పుకుని షాడో చదువుతున్నాం. ఆ పుస్తకాల దేశంలో పేటలు లేవు, పాలేర్లు లేరు, సంక్షేమ హాస్టళ్ళు లేవు. మనల్ని ఊహలోంచి కూడా తీసేసిన పుస్తకాన్ని మన డబ్బుతో కొనడం దేనికి అని అతని ప్రశ్న.

ఈ ప్రశ్నని దాటవేయకూడదు. నేను చాలారోజులు ఆలోచించాను. చివరికి నాకు దీనికి జవాబులాంటిది దొరికింది అతని వాదనని ఖండించిన మనిషి దగ్గర కాదు, ఈ చర్చ సంగతే తెలియని ఇంకో పాత మిత్రుడి దగ్గర. అతను చదువుకున్న ఒక బళ్ళో స్కాలర్‌షిప్పుల జాబితా తరగతిలో గట్టిగా చదివేవారట. పేరు పిలవగానే లేచి నిలబడాలి. మిగతా పిల్లలు తలతిప్పి చూసేవారు. అది ఏడాదికి రెండుమూడు సార్లు. అతను షాడోని ఎందుకు ఇష్టపడ్డాడని అడిగితే, తుపాకీ గురించి గానీ విమానం గురించి గానీ చెప్పలేదు. వాణ్ణి ఎవరూ మీదే పేట అని అడగరు కదా అన్నాడు. షాడో అన్న పిలుపే వాడి పేరు. ఆ గదిలోకి వస్తే పని చేతనవుతుందా లేదా అన్నదే చూస్తారు. కులకర్ణి అతన్ని పిలిచేది కూడా అందుకే.

ఈ రెండు మాటలూ ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చెబుతున్నాయి. పేటలు లేని దేశం అబద్ధమని లెక్చరర్ అంటున్నాడు. పేట అడగని చోటు కొన్ని గంటలైనా దొరికిందని రెండోవాడు అంటున్నాడు. పద్నాలుగేళ్ళ పిల్లాడికి రెండోది కావాలి. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి మొదటిది తెలియాలి. ఒకటి చదివినవాడు రెండోదానికి రాడని ఎవరైనా అంటే మన హాస్టల్ చరిత్రే దానికి అడ్డం వస్తుంది. ఆ లెక్చరర్ మిత్రుడు కూడా మాతో పాటు షాడోలు చదివినవాడే. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి "మాలపల్లి"ని, తర్వాత కళ్యాణరావు గారి "అంటరాని వసంతం"ని మాచేత చదివించింది కూడా అతనే. పెద్ద పుస్తకానికి భయపడకపోవడం అతనికి ఎక్కడ అలవాటయిందో అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడ ఒక పక్కమాట. నిజమైన సాహసం మనకి బస్సెక్కితే చేరేంత దూరంలో ఉంది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి – వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. ఎన్ని తీసుకున్నాడో రాసి పెట్టి మరీ పోయాడు. ఏ షాడో నవలలో ఉంది ఇంతకంటే? ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఇప్పుడు మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది. అయినా పిల్లలు అల్లూరి పుస్తకం తమంతట తాము తీసుకుని చదవడం నేను అరుదుగా చూశాను. తప్పు పిల్లలది కాదు. ఆ పుస్తకాలు విగ్రహానికి దండ వేస్తున్నట్టు రాస్తారు. మొదటి పేజీలోనే మహానుభావుడు అనేశాక ఇక రెండో పేజీలో ఏమవుతుందో అన్న ఆత్రం ఎందుకుంటుంది? మూడో రోజు రాజవొమ్మంగికి బయలుదేరేటప్పుడు ఆ కొండదొరల కాళ్ళు ఎంత అలిసి ఉంటాయి, దారిలో ఏం తిన్నారు, వాన పడుతోందా, వీటిని రాసినవారు తక్కువ. మధుబాబు దగ్గర పాఠ్యపుస్తకాలు రాసేవారు నేర్చుకోవలసింది ఇదే. ఈ మాట అంటే కొందరు పెద్దలకి కోపం రావచ్చు.

ఇక దేశాల మీద ద్వేషం సంగతి. అవతలి దేశం మనుషులందరినీ ఒకే గాటన కట్టి దుర్మార్గులుగా చూపించడం ఈ తరహా నవలల్లో పెద్ద లోపం. తెలుగులోనే కాదు, జేమ్స్‌బాండ్ కథల్లో కూడా ఇదే జబ్బు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే వీడియోల్లో ఇది ఇంకా ముదిరింది. నవల చదివిన పిల్లాడు అది కథ అని తెలిసి చదివాడు. వీడియో చూసినవాడు వార్త అనుకుంటున్నాడు. షాడోని తీసేసినంత మాత్రాన ఈ సమస్య తీరదు గానీ, ఉంచితే మాత్రం పెద్దతరగతి అన్నయ్యలు దీని మీద తమ్ముళ్ళతో ఒకసారి మాట్లాడాలి. స్టడీ అవర్‌లో ఒక అరగంట చాలు.

కమిటీకి నేను చెప్పేది ఇంతే. దొరికినన్ని వద్దు, ముందు ఒక పదిహేను కొనండి. ఎనిమిదో తరగతి నుంచి ఇవ్వండి. చందమామ పాత సీరియళ్ళు పుస్తకాలుగా దొరికితే ఆరు, ఏడు తరగతుల వారి కోసం అవి తెప్పించండి. కొమ్మూరి యుగంధర్ నవలలు రెండు మూడు చేర్చండి, తేడా వాళ్ళకే తెలుస్తుంది. "మాలపల్లి", "అంటరాని వసంతం" అద్దాల బీరువాలో తాళం వేసి పెట్టకుండా ఇదే అరలో, షాడోల పక్కనే ఉంచండి. ఏ పుస్తకం ఎన్నిసార్లు బయటకి వెళ్ళిందో రిజిస్టర్‌లో రాయించండి. వచ్చే సంచికకి ఎవరైనా ఆ రిజిస్టర్ చూసి వ్యాసం రాస్తే నా వ్యాసం కంటే అదే విలువైనది అవుతుంది. చందా వెనక్కి అడిగిన మిత్రుడికి డబ్బు తిరిగి ఇవ్వకండి, దానితో అల్లూరి మీద బాగా రాసిన పుస్తకం ఏదైనా వెతికి కొనమని అతనికే పని అప్పజెప్పండి.

కొత్త ముద్రణలు దొరకనివి పాత పుస్తకాల షాపుల్లో తీసుకోవలసి వస్తుంది. అవి అద్దె కొట్ల నుంచి వచ్చినవి. అట్టకి దారంతో కుట్లు ఉంటాయి, లోపల ముద్రలు, పెన్నుతో హీరో బొమ్మకి మీసాలు ఉంటాయి. వాటితో ఇబ్బంది లేదు. కొనే ముందు మాత్రం ఒక్కొక్కటీ వెనక నుంచి తిప్పి, ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి.